చీపురుపుల్ల చప్పుడు

నా చిన్నప్పుడు ధవళేశ్వరంలో మా వీధి వీధంతా మా తాతయ్యతో గట్టిగా అరిచి మాట్లాడేది. ఆయనకి చెవుడని అందరి నమ్మకం. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమేన్ దాకా కొట్టు ముందు నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మరీ కేకలు వేసేవారు. ఆయన నవ్వి తలాడించేవారు. నిజానికి మా తాతయ్యకి చెవుడు లేదు. పక్కగదిలో పిల్లి నడిచినా ఆయనకి తెలిసేది. ఆ చెవుడు నేను అంటగట్టింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఈ సంగతి తాతయ్యకి తప్ప ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నాయనకి కూడా. ఆయన పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇక దాచాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

మా తాతయ్యది మూలికల కొట్టు. కాలవగట్టు దిగగానే ఎడమవైపు పెంకుటిల్లు, ముందు గదిలో కొట్టు, వెనక మేము. కరక్కాయలు, పిప్పళ్ళు, శొంఠి, వసకొమ్ములు, అతిమధురం, సునాముఖి ఆకు, ఇంకా పేర్లు నేను మర్చిపోయినవి బోలెడు ఉండేవి. చంటిపిల్లల తల్లులు వసకొమ్ముకి వచ్చేవారు, దగ్గుతో ఉన్నవాళ్ళు పిప్పళ్ళకి వచ్చేవారు. ఎవరైనా వైద్యుడుగారూ అని పిలిస్తే మాత్రం తాతయ్య ఒప్పుకునేవారు కాదు. "నేను మందు ఇచ్చేవాణ్ణి కాదండి, మందు పాడవకుండా చూసేవాణ్ణి" అనేవారు. అది వినయం కోసం అన్న మాట కాదు. ఆయన పనంతా అదే.

మాది ఎంత చెమ్మ ఊరో చెబితే గాని ఆ పని అర్థం కాదు. ఒకవైపు గోదావరి, ఇంకోవైపు కాలవ. వానాకాలం వస్తే ఉప్పు నీరుగారిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే వెలగదు, పెట్టెలో మడతపెట్టిన పట్టుచీర కూడా అదోలా వాసన వేస్తుంది. అలాంటి ఊళ్ళో ఎండు ఆకుల్నీ వేళ్ళనీ ఏడాది పొడవునా కాపాడాలి. డబ్బాలు గోడకి ఆనించకూడదు, జానెడు ఎడం ఉండాలి. నేలమీద పెట్టకూడదు, ఇటుకల మీద పలక వేసి పెట్టాలి. కర్పూరం డబ్బాలో నాలుగు మిరియపు గింజలు వెయ్యాలి. ఇంగువని మిగతావాటికి ఆమడ దూరంలో ఉంచాలి. ఏ డబ్బా మూత తీసినా పని కాగానే మూత పెట్టి మూడుసార్లు అరచేత్తో కొట్టాలి. ఇవన్నీ నాకు పలక మీద అక్షరాల కంటే ముందే వచ్చు.

అన్నిటిలోకీ ఇబ్బంది పెట్టేది నేలవేము. జ్వరాలకి కషాయం కాచుకునే మొక్క, నాలిక మీద పెడితే సాయంత్రం దాకా చేదు పోదు. వానలు వెనకపట్టాక మన్యం నుంచి పచ్చికట్టలు దిగేవి. వాటిని ఎండలో వెయ్యకూడదు, ఆకు పసుపెక్కి చేవ పోతుంది. మా అటక మీద నీడలో, తాటాకు చాపల మీద పల్చగా పరిచి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తిరగేస్తూ ఆరనివ్వాలి. ఆకు తొందరగానే గలగలమంటుంది. కాడ మాత్రం పైకి ఎండినట్టు కనబడుతూనే లోపల తడి దాచుకుంటుంది. ఆ తడితోనే డబ్బాకి ఎత్తామా, పది రోజుల్లో డబ్బా మొత్తం బూజు.

కాడ ఆరిందో లేదో చూడ్డానికి వాసన ఒక దారి, చప్పుడు ఒక దారి. తాతయ్యకి ముక్కుపొడుం అలవాటు. ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ముక్కు మొద్దుబారిపోయింది, వాసనలు తెలిసేవి కాదు. ఇక మోకాళ్ళు నిచ్చెన ఎక్కనిచ్చేవి కాదు. మామ్మ అప్పటికే పోయింది. నాన్న కాలవల ఆఫీసులో గుమాస్తా, కొట్టు వైపు తొంగిచూసేవారు కాదు. అమ్మ ఒళ్ళో రెండు నెలల తమ్ముడు. అందుకని అటక ఎక్కే ఉద్యోగం నాది. నేను పైన ఒక కాడ తీసి విరవాలి. తాతయ్య నిచ్చెన మొదట్లో నిలబడి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని వినాలి. టక్కుమంటే "ఊఁ, ఎత్తెయ్" అనేవారు. లేకపోతే "ఇంకో రెండు రోజులు" అనేవారు. చూడకుండా, ముట్టుకోకుండా, వట్టి చప్పుడుతో చెప్పే మనిషి ఆయన. నాకు గర్వంగా ఉండేది. నేను విరిస్తేనే కదా ఆయన వినేది అని.

ఆ ఏడు కార్తీకమాసంలో పక్కింటి అక్క వాళ్ళు అన్నవరం ప్రయాణం పెట్టుకున్నారు. అక్కకి పెళ్ళై మూడేళ్ళు, పిల్లలు లేరు, నన్ను చూస్తే ప్రాణం. శనివారం బయల్దేరి కొండ మీద వ్రతం చేసుకుని ఆదివారం వస్తామనీ, నన్ను కూడా పంపమనీ తాతయ్యని అడిగింది. నేను రైలెక్కడం అప్పటికి ఒక్కసారే, అది కూడా నిద్రలో. తాతయ్య కాదనలేదు. అటక మీద నేలవేము ఆరితే, డబ్బాకి ఎత్తేసి నిక్షేపంగా వెళ్ళమన్నారు. ఆరకపోతే మాత్రం కుదరదు, తిరగెయ్యడానికి ఇంకెవరూ లేరు కదా అన్నారు. అది బుధవారం. బుధవారం సాయంత్రం నుంచే ముసురు పట్టింది.

శుక్రవారం పొద్దున అటకెక్కి ఒక కాడ విరిచాను. అది వంగింది గాని విరగలేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే. కింద తాతయ్య నిలబడి ఉన్నారు, తల పైకెత్తి, చెవి వెనక చెయ్యి. "ఏదమ్మా అమ్మడూ?" అన్నారు. అటక మూలన చాపలు ఊడ్చే కొబ్బరి చీపురు ఉంది. ఆలోచించానని చెప్పలేను. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఒక పుల్ల లాగి అటక అంచు దగ్గరకొచ్చి విరిచాను. టక్కుమని విరిగింది.

కింద నుంచి ఎత్తెయ్ అన్న మాట రాలేదు. ఇంకొకటి విరవమన్నారు. ఇంకో పుల్ల లాగి విరిచాను. "విరిగిందా తల్లీ?" అని అడిగారు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు. విరిగింది తాతయ్యా అన్నాను. సరేనమ్మా, ఎత్తెయ్ అన్నారు.

ఆ కాడలన్నీ గబగబా పెద్ద రేకు డబ్బాలో కూరాను. విరిగిన పుల్లముక్కలు కిందకి పడేస్తే ఆయన కంట పడతాయని, వాటిని కూడా ఆకు అడుగుకి తోసేశాను. మూత పెట్టి మూడుసార్లు కొట్టాను. ఆ మూడు దెబ్బలు మర్చిపోకుండా కొట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

అన్నవరం గురించి నాకు గుర్తున్నది తక్కువ. మెట్లు గుర్తున్నాయి, కింద పంపానది గుర్తుంది. వ్రతం దగ్గర అక్క పక్కన కూర్చున్నాను. పంతులుగారు అబద్ధమాడిన షావుకారు కథ చెబుతున్నారు. అది నా కోసమే ఎత్తుకున్నారేమో అనిపించింది. చుట్టూ అందరూ అక్షింతలు పట్టుకుని భక్తిగా వింటుంటే, నా గుప్పిట్లోవి చెమటకి తడిసి ముద్దయిపోయాయి. వచ్చేటప్పుడు అక్క ఆకులో కట్టిన ప్రసాదం ఒకటి తాతయ్యకని నా చేతికిచ్చింది. ఇంటికొచ్చి ఇస్తే ఆయన కళ్ళకద్దుకుని, రవ్వంత నోట్లో వేసుకుని, మిగతాది నాకే పెట్టారు.

ఆ తర్వాత రెండు వారాలు ముసురు వదల్లేదు. ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాయి. నేలవేము అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అటకెక్కి చేటలోకి తీసుకొచ్చేదాన్నీ పొట్లాలు కట్టేదాన్నీ నేనే. మొదట పైపైన ఉన్నది బాగానే ఉంది. నాలుగైదు రోజులకి మూత తీస్తే వేడిగా ఒక వాసన కొట్టింది, తడిసిన గోనెసంచి వాసన. కాడల మీద అక్కడక్కడ తెల్లటి నూగు. అప్పటికైనా దిగొచ్చి చెప్పెయ్యచ్చు. చెప్పలేదు. ఆ నూగుని పరికిణీ అంచుతో తుడిచాను. తుడిచి, పైకి మంచిగా కనబడేవి ఏరి పొట్లాలు కట్టాను. చీపురుపుల్ల విరవడం ఒక క్షణంలో జరిగిన తప్పు అనుకోవచ్చు. ఈ తుడవడం మాత్రం మూడు రోజులు చేశాను. పిల్లకి ఏం తెలుసులే అని ఎవరైనా అంటారేమో. నాకు తెలుసు. తెలుసు కాబట్టే తుడిచాను.

మూడో రోజు కట్టిన పొట్లం పక్కింటి అక్క చేతికే వెళ్ళింది. వాళ్ళ అత్తగారికి జ్వరం. ఆవిడ కషాయం తాగిన కాసేపటికి వాంతులు పట్టుకుని, సాయంత్రానికి నీరసించిపోతే రిక్షాలో రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ రిక్షా మా కొట్టు ముందు నుంచే వెళ్ళింది. ఆవిడ తల అక్క భుజం మీద వాలిపోయి ఉంది. నేను తలుపు చాటున నిలబడి, ఆవిడ బతికితే ఇంక జన్మలో అన్నవరం అడగను దేవుడా అని మొక్కుకున్నాను. నిజం చెబుతానని మొక్కుకోవచ్చు కదా. ఆ మొక్కు మాత్రం నోటికి రాలేదు.

దేవుడి దయ, రెండో రోజు ఆవిడ కోలుకుని ఇంటికొచ్చింది. జ్వరం వల్లో మందు వల్లో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆ మర్నాడు అక్క మిగిలిన పొట్లం పట్టుకుని కొట్టుకి వచ్చింది. "ఏమీ అనుకోకండి తాతగారూ, ఇది కాస్త బూజు వాసన వస్తోందండి" అంది. తాతయ్య పొట్లం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏమీ తెలియలేదు కాబోలు, గుమ్మంలోకి వెళ్ళి వెలుతుర్లో చూశారు. వేళ్ళతో నలిపారు. ఒక చిన్న తునక నాలిక మీద వేసుకున్నారు. ఆయన మొహం అలా వాడిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

అక్క వెళ్ళాక, డబ్బా దింపమన్నారు. నేను దింపాను. ఆయన పెరట్లో పాత గోతం పరిచి దాన్ని బోర్లించారు. పైన ఉన్న కాస్త ఆకు ముందు రాలింది, తర్వాత బూడిదరంగు ముద్ద ఊడిపడింది. ఆ ముద్ద మీద నాలుగు చీపురుపుల్ల ముక్కలు.

తాతయ్య వంగి వాటిని ఏరారు. రెండు ముక్కలు తీసుకుని విరిగిన చోట ఒకదానికొకటి ఆనించారు. అతుక్కున్నట్టే కుదిరాయి. ఇప్పుడు చెంప పగులుతుంది అనుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆయన ఆ నాలుగు ముక్కలూ చొక్కా జేబులో వేసుకుంటున్నారు. నా వైపు చూడలేదు. "అమ్మడూ, సంచి తీసుకురా. ఊళ్ళోకి వెళ్ళాలి" అన్నారు.

నేలవేము ఎవరెవరికి ఇచ్చారో ఆయనకి నోటికి వచ్చు. ఎనిమిది ఇళ్ళు. ఆ మోకాళ్ళతో, కర్ర పోటు వేసుకుంటూ, బురదలో ప్రతి గుమ్మం ముందుకీ నడిచారు. వెనక నేను సంచి పట్టుకుని. ప్రతి ఇంటి దగ్గరా ఒకటే మాట. "మందు పాడైందండి. ఆరిందో లేదో నేనే సరిగా వినలేదు. తప్పు నాది. ఆ పొట్లం ఇచ్చేయండి." కొందరు అయ్యో పర్లేదండి అన్నారు. కొందరు పొట్లం తెచ్చి మాట్లాడకుండా సంచిలో పడేశారు. ఒకాయన నవ్వి, ఈ వయసులో చెవులు మాత్రం ఎన్నాళ్ళు పనిచేస్తాయి లెండి అన్నాడు. ఒక్కో పొట్లం పడుతున్నకొద్దీ సంచి బరువు పెరగలేదు, ఎండాకే కదా. నా కాళ్ళు మాత్రం సాగలేదు.

ఆఖరిది పక్కింటి అక్క వాళ్ళిల్లు. అత్తగారు వసారాలో మంచం మీద పడుకుని ఉన్నారు. తాతయ్య అదే మాట చెప్పారు. ఆవిడ మోచేతుల మీద లేచి కూర్చుంది. "చెవులు వినబడనప్పుడు కొట్టెందుకండీ షావుకారుగారూ? మా ప్రాణాలతోనా మీ ఆటలు?" అంది. నలభై ఏళ్ళుగా ఆ కొట్టులో కూర్చున్న మనిషి, రెండు చేతులూ జోడించి, నిజమేనమ్మా అన్నారు.

నేనప్పుడు చెప్పాలి. నాకు ఆ సంగతి అప్పుడే తెలుసు. నోరు తెరిచాను కూడా. అంతలో అక్క లోపల్నుంచి వచ్చి, నా తల నిమిరి, పాపం చిన్నపిల్ల ఇల్లిల్లూ తిరిగి ఎంత అలిసిపోయిందో అంటూ బెల్లం మిఠాయి ముక్క నా చేతిలో పెట్టింది. తెరిచిన నోట్లో ఆ ముక్క వేసుకున్నాను. తిన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ రోజు నుంచి మా తాతయ్య చెవిటివాడైపోయారు. మొదట ఆ వీధికి, తర్వాత ఊరంతటికీ. కొట్టుకొచ్చినవాళ్ళు ప్రతి మాటా రెండుసార్లు అరిచేవారు. కుర్రకారు దారిన పోతూ, వినబడుతోందా తాతగారూ అని ఆటపట్టించేవారు. చివరికి మా నాన్న కూడా భోజనాల దగ్గర గొంతు పెంచి మాట్లాడ్డం మొదలుపెట్టారు. చాలామంది నేలవేముకి రాజమండ్రి వెళ్ళేవారు. తాతయ్య ఎవరి మీదా విసుక్కోలేదు. నేనొక్కదాన్నే ఆయనతో మెల్లగా మాట్లాడేదాన్ని. ఆయన మెల్లగానే జవాబు చెప్పేవారు. ఆ ఇంట్లో మా ఇద్దరి మాటలూ ఇంకెవరికీ వినబడేవి కాదు.

మరుసటి ఏడు మళ్ళీ కట్టలు దిగాయి. ఈసారి ఇంకెవరినైనా పెడతారనుకున్నాను. నన్నే అటకెక్కమన్నారు. వారం పోయాక ఒక పొద్దున నిచ్చెన దగ్గర నిలబడి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. వీధిలో వాళ్ళెవరైనా చూస్తే పగలబడి నవ్వేవారు. కాడ విరిచాను. చిన్న చప్పుడు, పీచు సాగినట్టు. నేను నోరు విప్పకముందే కింద నుంచి, ఇంకో రెండు రోజులు అన్నారు.

అంటే పచ్చి కాడ పీచు సాగడం కూడా ఈయన చెవికి తెలుస్తుంది. ఇంత చిన్న చప్పుడే వినబడితే, చీపురుపుల్ల చప్పుడు వినబడలేదా? నిచ్చెన మెట్లు ఎలా దిగానో తెలియదు, దిగి ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. అంతా చెప్పాను. తుడిచిన సంగతి కూడా చెప్పాను. ఆయన పక్కన ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుని నా ఏడుపు అయ్యేదాకా ఆగారు.

"ఆ రోజు నా చెవి అది కొబ్బరి పుల్ల అని చెప్పింది తల్లీ. రెండోసారి కూడా అదే చెప్పింది. నువ్వు విరిగిందన్నావు. చెవి మాట వదిలేసి నీ మాట విన్నాను. సరిగా వినలేదని ఊళ్ళో చెప్పింది అబద్ధం కాదు" అన్నారు.

ఆయన తిట్టి ఉంటే ఆ తిట్టు ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఇప్పుడే వెళ్ళి అందరికీ చెప్పేస్తాను తాతయ్యా అన్నాను. ఆయన నవ్వి, ఇప్పుడెందుకులే, వాళ్ళు అరవడానికి అలవాటు పడిపోయారు అన్నారు. ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. నాకున్న సిగ్గులన్నిటిలోకీ పెద్దది అదే. వద్దన్నారు కదా అని ఊరుకున్నాను. ఆయన వద్దన్నది నా మీద జాలితో అని తెలిసీ ఊరుకున్నాను. ఇంకో పదేళ్ళు బతికారు. ఆ పదేళ్ళలో ఏ రోజైనా నేను పక్కింటికి వెళ్ళి అక్కతో చెప్పచ్చు. పది అడుగులు లేవు.

ఆయన పోయినరోజు అక్క వచ్చి, పాపం పెద్దాయన చెవులు లేకపోయినా నిజాయితీ ఉన్న మనిషి అంది. నేను తల వంచుకుని ఉన్నాను. దుఃఖంతో అనుకుంది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. రాజమండ్రిలో కూతురి దగ్గర ఉంటున్నాను. నా చెవులు నిజంగానే మొండికేశాయి. మెషిన్ కొనిపెట్టారు గాని, అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. మా మనవరాలికి బాల్కనీలో తులసీ మునగాకూ ఎండబెట్టడం సరదా. మొదట్లో ప్లాస్టిక్ కవర్లో పెట్టి బిగించేది. కవర్లో ఆకు చెమటపట్టి కుళ్ళుతుందని చెప్పి, నీడలో ఆరబెట్టడం, గాజుసీసాలో ఎత్తడం, గోడకి జానెడు ఎడం, అన్నీ నేర్పాను. కాడ విరిచి చూడమంటాను. అది నా మొహం ముందే విరిచి, విరిగింది అమ్మమ్మా అని అరుస్తుంది. నాకు ఆ చప్పుడు వినబడదు. దాని మొహం చూసి, సరేనమ్మా, ఎత్తెయ్ అంటాను.

అందరూ అలాగే అరుస్తారు నా దగ్గర. పనమ్మాయి అరుస్తుంది, అల్లుడుగారు అరుస్తారు, కింద వాచ్‌మేన్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని మరీ అరుస్తాడు. పెద్దావిడకి కోపం వస్తుందేమో, కాస్త మెల్లగా అనమని మా అమ్మాయి వాళ్ళకి చెబుతుంటుంది. నాకు కోపం రాదు. పదకొండేళ్ళపాటు మంచి చెవులున్న మనిషి నా బదులు ఈ అరుపులు పడ్డారు. ఇప్పుడు నా వంతు వచ్చింది, ఆ అరుపులు ఆయనకి వినబడినంతగా నాకు వినబడటం లేదనే నా బాధ.